ఒక్క వేసవి చాలన్నారు

1955 ఆగస్టు 31 తేదీతో టైపు చేసిన కాగితాల కట్ట ఒకటి అమెరికాలో ఉంది. దాని మీద నాలుగు పేర్లు. వచ్చే వేసవిలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని హానోవర్ అనే చిన్న ఊళ్ళో, డార్ట్‌మత్ కాలేజీలో, పదిమందిమి రెండు నెలలు కూర్చుని పనిచేస్తాం, ఖర్చులు ఇప్పించండి అంటూ రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌కు పెట్టుకున్న ప్రపోజల్ అది. నేర్చుకోవడమైనా, ఆలోచించడమైనా, మనిషి చేసే ఆ పనిని సరిగ్గా వర్ణించగలిగితే చాలు, యంత్రం చేత చేయించవచ్చన్నది వాళ్ళ నమ్మకం.

రాజ్యాలు కూలిన కథలు, వంశాలు అంతరించిన కథలు మనకు కొల్లలు. ఒక ప్రపోజల్ కూలిన కథ చెబుతానంటే నవ్వొస్తుంది. పైగా దీనికి డబ్బు వచ్చింది, సమావేశం జరిగింది, దాని పేరుతో ఒక శాస్త్రమే నిలబడింది. అయినా ఇది పతనం కథే. ఏరికోరిన శాస్త్రవేత్తలు ఒక వేసవి పాటు కలిసి పనిచేస్తే, ఈ సమస్యల్లో ఒకటి రెండింట్లోనైనా గట్టి ముందడుగు పడుతుందని మొదటి పేరాలోనే రాసుకున్నారు. అది ప్రామిసరీ నోటు. రాసిచ్చినవాళ్ళు నలుగురు. వడ్డీ కట్టినవాళ్ళు వేరు.

ఆ నలుగురూ తక్కువవాళ్ళేమీ కారు. జాన్ మెకార్తీ డార్ట్‌మత్‌లో గణితం అసిస్టెంట్ ప్రొఫెసర్, ఇంకా 28 నిండలేదు. మార్విన్ మిన్స్కీ హార్వర్డ్‌లో జూనియర్ ఫెలో, ఆ నెలలోనే 28 నిండాయి. 1951లోనే వాక్యూమ్ ట్యూబులతో 40 నాడీకణాలను పోలిన యంత్రం కట్టి, చిక్కుదారిలో ఎలుక దారి నేర్చుకున్నట్టు దానికి నేర్పించిన ఘనుడు. నథానియల్ రాచెస్టర్ ఐబీఎం ఇంజనీరు, ఆ కంపెనీ 701 కంప్యూటర్‌కు రూపశిల్పి. నాలుగో పేరు క్లాడ్ షానన్. సమాచారాన్ని కొలవడానికి 1948లో గణితం రాసిపెట్టిన బెల్ ల్యాబ్స్ మేధావి. కుర్ర అధ్యాపకుడు అడిగితే రేపు రమ్మనేవాళ్ళు కూడా షానన్ పేరు చూస్తే కుర్చీ వేస్తారు.

ప్రపోజల్ వెనక ఒక అసంతృప్తి ఉంది. మెకార్తీ, షానన్ కలిసి యంత్రాల సిద్ధాంతాల మీద ఒక వ్యాససంపుటికి సంపాదకత్వం వహించారు. వచ్చిన వ్యాసాల్లో యంత్రానికి తెలివి ఎలా వస్తుందన్న ప్రశ్నను సూటిగా పట్టుకున్నవి తక్కువని మెకార్తీ నిరాశపడ్డాడు. ఈసారి దాపరికం వద్దనుకున్నాడు. 1955 వేసవిలో ఐబీఎంలో రాచెస్టర్ దగ్గర పనిచేస్తూ ఈ ఆలోచనకు రూపం ఇచ్చాడు. అప్పటికే పేరుమోసిన నార్బర్ట్ వీనర్ నియంత్రణ శాస్త్రమైన సైబర్నెటిక్స్ నీడ పడకుండా దానికి కొత్త పేరు పెట్టాడు: కృత్రిమ మేధ. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బిడ్డ పుట్టకముందే బారసాల అయిపోయింది.

యూనివర్సిటీల్లో ప్రపోజళ్ళు పెట్టి పెట్టి చేతులు కాయలు కాచినవాళ్ళకు ఆ కాగితాలు వెంటనే పరిచయమనిపిస్తాయి. సొంత సంస్థ నుంచి జీతం రాని అధ్యాపకులకు తలకు 1,200 డాలర్లు. ఇద్దరు పరిశోధక విద్యార్థులకు 700 వరకు. దూరం నుంచి వచ్చేవాళ్ళకు రైలు చార్జీలు, అద్దెలు కలిపి సగటున 300. ఆపైన సెక్రటరీ ఖర్చు, చిల్లర ఖర్చులు. అడిగిన మొత్తం 13,500 డాలర్లు. చర్చించబోయే అంశాలు ఏడు: కంప్యూటర్లు, యంత్రానికి భాష నేర్పడం, నాడీకణాల వలలు, ఒక లెక్క ఎంత పెద్దదో కొలిచే సిద్ధాంతం, యంత్రం తనను తాను మెరుగుపరచుకోవడం, అమూర్త భావనలు ఏర్పరచుకోవడం, యాదృచ్ఛికత నుంచి సృజన పుట్టించడం. ఇవాళ ఇందులో ఒక్కో అంశం మీద ఏటా ప్రపంచమంతటా వేలమంది తలలు బద్దలుకొట్టుకుంటున్నారు. ఆనాడు ఏడింటికీ కలిపి పదిమంది, రెండు నెలలు.

నలుగురూ తాము చేయదలచింది విడివిడిగా రాసి జతచేశారు. తన యంత్రం నమూనా 1956 వేసవి నాటికి ప్రోగ్రాం రాయడానికి దగ్గరగా రావచ్చని మిన్స్కీ ఆశపడ్డాడు. మెకార్తీ దృష్టి భాషకూ తెలివికీ ఉన్న సంబంధం మీద. ఎక్కడా మోసం లేదు. ఎవరూ లేనిది ఉన్నట్టు చెప్పలేదు. కొంపముంచిన వాక్యం మొదటి అంశం కిందే ఉంది, అది కూడా ఎంతో మర్యాదగా ఉంది. ఇప్పటి యంత్రాల వేగం, జ్ఞాపకశక్తి మెదడు చేసే పెద్ద పనులకు చాలకపోవచ్చు గానీ అసలు అడ్డంకి అది కాదనీ, ఉన్న యంత్రాన్ని పూర్తిగా వాడుకునే ప్రోగ్రాములు రాయడం మనకు రాకపోవడమేననీ దాని సారాంశం.

ఇక్కడ కాసేపు ఆగాలి. రాచెస్టర్ రూపొందించిన ఆ 701 జ్ఞాపకశక్తి మామూలు అమరికలో 2,048 పదాలు, ఒక్కో పదానికి 36 బిట్లు. నేటి కొలతలో 9 కిలోబైట్లు. మన ఫోన్లో తీసుకునే ఒక్క పెళ్ళి ఫోటో పట్టాలంటే అలాంటి యంత్రాలు వందల్లో కావాలి. అంత చిన్న పాత్రను చేతిలో పెట్టుకుని, పాత్ర చిన్నదన్నది అసలు సమస్య కాదని రాశారు. ఆ యంత్రాన్ని కట్టిన మనిషే సంతకందారుల్లో ఉన్నాడు. తరువాతి ఇరవై ఏళ్ళ అవమానమంతా ఈ ఒక్క వాక్యంలో ముందే చుట్టచుట్టుకుని పడుకుని ఉంది.

ఫౌండేషన్‌లో ఈ దరఖాస్తు జీవ, వైద్య పరిశోధనల విభాగం చూసే రాబర్ట్ మారిసన్ ముందుకు చేరింది. ఆయనకు నమ్మకం కుదరలేదు. విషయం ఇంకా చేతికి చిక్కే స్థితిలో లేదనిపించింది. అలాగని కాదనడానికీ మనసు ఒప్పలేదు. చివరికి 7,500 డాలర్లు మంజూరు చేశారు. అడిగినదాంట్లో ఆరు వేలు కోత. ఆ కోతలో ఉన్న సందేహాన్ని ఎవరైనా చెవిన పెట్టి ఉంటే కథ ఇంకోలా నడిచేదేమో.

1956 జూన్ మధ్యలో మనుషులు రావడం మొదలైంది. డార్ట్‌మత్‌లో గణిత విభాగం ఉన్న భవనం పై అంతస్తు వాళ్ళకిచ్చారు. పదిమందీ రెండు నెలలూ కలిసి ఉంటారని కదా కాగితంలో ఉంది? ఒకరు రెండు వారాలుండి వెళ్ళారు, ఇంకొకరు రెండు రోజులుండి వెళ్ళారు. మొదటి నుంచి చివరిదాకా కదలకుండా ఉన్నవాళ్ళు మెకార్తీ, మిన్స్కీ, రే సాల్మనాఫ్. ఆ వేసవిలో ఏం జరిగిందో మనకు తెలిసిందాంట్లో చాలా భాగం సాల్మనాఫ్ రాసుకున్న నోట్సు పుణ్యమే. ఆలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ కొద్దికాలమే ఉన్నారు. కానీ చేతిలో పని ఉన్నది వాళ్ళకే. తర్కశాస్త్ర సిద్ధాంతాలను రుజువు చేసే ప్రోగ్రాం వాళ్ళు అప్పటికే రాసుకున్నారు. మిగతావాళ్ళ దగ్గర ఆలోచనలు ఉన్నాయి, వాళ్ళ దగ్గర ఫలితం ఉంది. ఎవరి పట్టు వాళ్ళదే, ఎవరు తెచ్చుకున్న ఆలోచనతో వాళ్ళే ఇంటికి వెళ్ళారని మెకార్తీ తరువాతి కాలంలో బాధపడ్డాడు. ఆగస్టు మధ్యకు అందరూ సర్దుకున్నారు. ఉమ్మడి నివేదిక రాలేదు. ముందడుగు పడాల్సిన వేసవి పరిచయాలతో ముగిసింది.

అంతటితో ఆగి ఉంటే ఇది పతనం అయ్యేది కాదు. ఎన్ని వర్క్‌షాపులు ఇలా ముగియలేదు! కానీ గడువు తీరిన నోటును చించేయకుండా తిరగరాశారు, ఈసారి ఇంకా పెద్ద మొత్తానికి. 1957లో చేసి, మరుసటి ఏడు అచ్చయిన ఉపన్యాసంలో సైమన్ పదేళ్ళ గడువు పెట్టాడు: ఈలోగా కంప్యూటర్ చదరంగంలో ప్రపంచ విజేత అవుతుందని, గణితంలో ముఖ్యమైన కొత్త సిద్ధాంతాన్ని కనిపెట్టి రుజువు చేస్తుందని. చదరంగం మాట నిజం కావడానికి 1997 దాకా, అంటే నలభై ఏళ్ళు పట్టింది. 1965లో ఆయనే మనిషి చేసే ఏ పనినైనా యంత్రం ఇరవై ఏళ్ళలో చేయగలదని పుస్తకంలో రాశాడు. అరచేతిలో వైకుంఠం చూపించడం ఆ రంగానికి అలవాటుగా మారింది. చూపించినకొద్దీ అమెరికా రక్షణశాఖ నుంచి డబ్బు వచ్చింది. వచ్చినకొద్దీ ఇంకాస్త చూపించాల్సి వచ్చింది.

తొలి దెబ్బ అనువాద యంత్రాల మీద పడింది. 1954లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం, ఐబీఎం కలిసి 250 మాటలు, ఆరు వ్యాకరణ సూత్రాలతో కొన్ని రష్యన్ వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చి చూపించగానే, ఇక కొన్నేళ్ళే అన్నారు. పన్నెండేళ్ళు గడిచాక, 1966లో, ఈ అనువాదాల తీరు చూడడానికి వేసిన అల్‌పాక్ కమిటీ లెక్కలు తీసి, యంత్రం చేసే అనువాదం మనిషి చేసేదానికంటే నెమ్మది, ఖరీదు ఎక్కువ, నాణ్యత తక్కువ అని తేల్చింది. ఆ రంగానికి అమెరికాలో డబ్బు దాదాపు ఆగిపోయింది. యంత్రానువాదం మీద ఆశలు రేపిన 1949 నాటి లేఖ రాసింది వారెన్ వీవర్. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌లో ప్రకృతి శాస్త్రాల విభాగాన్ని ఏళ్ళ తరబడి నడిపిందీ ఆయనే. ఆశలూ డబ్బూ ఆ రోజుల్లో ఒకే గుమ్మంలో నిలబడి మాట్లాడుకునేవి.

ఈ గాథలో అందరికంటే ఎక్కువ వడ్డీ కట్టినవాడు ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్. డార్ట్‌మత్ పదిమందిలో అతను లేడు. న్యూయార్క్‌లో బ్రాంక్స్ సైన్స్ హైస్కూల్లో మిన్స్కీ చదివిన రోజుల్లోనే చదివాడు. కార్నెల్‌లో మనస్తత్వశాస్త్రం చదివి, నౌకాదళం ఇచ్చిన డబ్బుతో పర్సెప్ట్రాన్ అనే యంత్రం కట్టాడు. ఇరవై వరుసల్లో ఇరవయ్యేసి చొప్పున 400 కాంతి కణాలు దాని కన్ను. ముందే రాసిచ్చిన నియమాలతో పనిలేకుండా, తప్పు చేసినప్పుడల్లా తన తీగల బలాన్ని సవరించుకుంటూ ఆకారాలను గుర్తుపట్టడం నేర్చుకునేది. 1958 జులైలో పత్రికలు దాన్ని ఆకాశానికెత్తాయి. ఇది నడుస్తుంది, మాట్లాడుతుంది, చివరికి తాను ఉన్నానని తనకే తెలుస్తుంది అని నౌకాదళం ఆశిస్తోందని రాశాయి. రోజెన్‌బ్లాట్ కూడా ఆ హోరులో గొంతు కలిపాడు. తప్పు అతనిదీ ఉంది.

1969లో మిన్స్కీ, సీమూర్ పాపర్ట్ కలిసి పర్సెప్ట్రాన్ల మీద ఒక పుస్తకం తెచ్చారు. ఒకే పొర ఉన్న అలాంటి యంత్రం ఏమేం చేయలేదో గణితంతో రుజువు చేశారు. రుజువుల్లో తప్పు లేదు. ఎక్కువ పొరలున్నవాటి దారి కూడా గొడ్డుదేనని వాళ్ళు వ్యక్తం చేసిన అనుమానం మాత్రం అనుమానమే. గ్రాంటులిచ్చేవాళ్ళకు అంత తేడా అక్కర్లేకపోయింది. నాడీకణాల వలలు అన్న మాట ఉన్న ప్రపోజల్‌ను చూసి మొహం చిట్లించే రోజులొచ్చాయి. డార్ట్‌మత్ కాగితాల్లో అదే మూడో అంశం. దాన్ని కోరి రాసుకున్న నలుగురిలో ఒకరి చేతి మీదుగానే ఆ దీపానికి గాలి తగిలింది. రోజెన్‌బ్లాట్ పరిశోధన ఎలుకల మెదళ్ళ వైపు మళ్ళింది. 1971 జులై 11న, సరిగ్గా తన 43వ పుట్టినరోజున, చెసాపీక్ అఖాతంలో పడవ ప్రమాదంలో చనిపోయాడు. ఆ పుస్తకం తరువాతి ముద్రణలో అతని స్మృతికి అంకితం కనిపిస్తుంది. బతికుండగా వాదించుకున్న మనుషులు చివరికి చెల్లించుకోగలిగింది ఆ ఒక్క పంక్తే.

1973లో వడ్డీ వసూలుదారు బ్రిటన్‌లో తలుపు తట్టాడు. ద్రవగతిశాస్త్రంలో మేటి అయిన సర్ జేమ్స్ లైట్‌హిల్, అక్కడి సైన్స్ రీసెర్చ్ కౌన్సిల్ కోరితే ఈ రంగాన్ని తూకం వేశాడు. చిన్న ఉదాహరణల మీద పనిచేసిన పద్ధతులు నిజమైన సమస్యలకు వచ్చేసరికి సాధ్యమైన దారుల సంఖ్య విపరీతంగా పెరిగిపోయి చేతులెత్తేస్తున్నాయన్నాడు. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో టీవీ కెమెరాల ముందు వాదన జరిగింది. ఒకవైపు లైట్‌హిల్. రెండోవైపు ఎడిన్‌బరో నుంచి డోనాల్డ్ మిచీ, బ్రిస్టల్ నుంచి రిచర్డ్ గ్రెగరీ, అమెరికా నుంచి మెకార్తీ. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక్క వేసవి అడిగిన మనిషి ఇప్పుడు మొత్తం రంగం తరఫున సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఎడిన్‌బరోలో కలిసి పనిచేసిన బృందం చెల్లాచెదురైంది. కుప్పగా పోసిన ముక్కల నుంచి బొమ్మ కారు బిగించగలిగిన ఫ్రెడ్డీ అనే రోబో మ్యూజియం వస్తువైంది.

వసూలు చేయడానికి వచ్చినవాళ్ళు తప్పు చేసినవాళ్ళనీ చేయనివాళ్ళనీ వేరుచేసి చూడలేదు. అందుకు సాక్షి మన తెలుగువాడే. శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టి, మద్రాసు గిండీలో ఇంజనీరింగ్ చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరిన రాజ్ రెడ్డి 1966లో పీహెచ్‌డీ పట్టా అందుకున్నారు. ఆయన గైడు ఎవరో కాదు, జాన్ మెకార్తీ. రెడ్డి పట్టుకున్నది మనిషి మాటను యంత్రానికి వినిపించే పని. 1971లో అమెరికా రక్షణ పరిశోధనల సంస్థ మాట గుర్తింపు మీద అయిదేళ్ళ కార్యక్రమం మొదలుపెట్టింది. దాని ప్రపోజల్ చూస్తే ముచ్చటేస్తుంది. వెయ్యి మాటల పదకోశం, ఆపకుండా మాట్లాడే వాక్యాలు, పది శాతం లోపు తప్పులు అని కొలతలు ముందే రాసుకున్నారు. వైకుంఠం ఊసు లేదు. 1976లో కార్నెగీ మెలన్‌లో రెడ్డి బృందం తెచ్చిన హార్పీ 1,011 మాటలతో ఆ గీతను దాటింది. మాట నిలబెట్టుకున్నారు. అయినా తరువాతి దశకు డబ్బు రాలేదు. అప్పటికి కృత్రిమ మేధ అన్న పేరు వింటేనే ఢిల్లీలో ఆర్థికశాఖ గుమాస్తా చూసినట్టు చూసే కాలం వాషింగ్టన్‌లోనూ వచ్చేసింది. రెడ్డి గారు వదల్లేదు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. అందరికీ అంత ఓపిక, అంత ఆయుష్షు ఉండవు.

ఎనభైల్లో ఆశ మళ్ళీ చిగిర్చింది. నిపుణుల పరిజ్ఞానాన్ని నియమాలుగా కూర్చిన ప్రోగ్రాములు కంపెనీల్లోకి వెళ్ళాయి. మెకార్తీ సృష్టించిన లిస్ప్ భాష కోసమే ప్రత్యేకంగా కంప్యూటర్లు తయారుచేశారు. 1984లోనే మిన్స్కీ, రోజర్ షాంక్ తమ రంగం సభలోనే లేచి, ఈ వాపును చూసి బలుపనుకోవద్దు, మళ్ళీ చలికాలం వస్తుందని హెచ్చరించారు. దెబ్బతిన్నవాళ్ళు చెప్పిన మాట అది. మూడేళ్ళకే, 1987లో, మామూలు కంప్యూటర్లు చవకగా అదే పని చేసేసరికి లిస్ప్ యంత్రాల బజారు కుప్పకూలింది.

సంతకందారులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అందరిలోకి దుర్భరమైన ముగింపు షానన్‌ది. సమాచారం ఎంత పోతుందో, ఎంత మిగులుతుందో లోకానికి లెక్కకట్టి చూపించిన ఆయన జ్ఞాపకాలను అల్జీమర్స్ వ్యాధి తినేసింది. 2001 ఫిబ్రవరిలో చనిపోయారు. అదే ఏడు జూన్‌లో రాచెస్టర్, 2011లో మెకార్తీ, 2016లో మిన్స్కీ. మెకార్తీ పోయిన మరుసటి ఏడే, 2012లో, టొరంటోలో జెఫ్రీ హింటన్, ఆయన శిష్యులు బొమ్మలు గుర్తుపట్టే పోటీలో మిగతా అందరినీ చిత్తుచేశారు. వాళ్ళు వాడింది ఎన్నో పొరలున్న నాడీకణాల వల. రోజెన్‌బ్లాట్ వంశంలోది. కొత్తగా వాళ్ళ చేతిలో ఉన్నది లక్షల ఫోటోలు, మూడేసి గిగాబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న రెండు గేమింగ్ కార్డులు. ఆ వల దశాబ్దాల పాటు ఎదురుచూసింది, చాలా మటుకు, చాలినంత పెద్ద యంత్రం కోసమే. అసలు అడ్డంకి కాదని 1955లో కొట్టిపారేసింది ఇదే.

అందుకే నా తీర్పు ఇది. ఆ నలుగురి కల తప్పు కాదు, ఏడు అంశాల్లో ఒక్కటీ వృథా పోలేదు. తప్పంతా గడువులో ఉంది, ఆ గడువును మోసిన ఒక్క వాక్యంలో ఉంది. తెలియనిదాన్ని తెలియదని రాయకుండా, చిన్నదని రాశారు. ఆ చిన్నదే రెండు తరాల పరిశోధకుల జీతాలనూ పరువునూ మింగేసింది.

హైదరాబాదులోనో, తిరుపతిలోనో, వరంగల్లులోనో ఈ రాత్రి వర్క్‌షాపు ప్రపోజల్ రాస్తూ కూర్చున్న రీసెర్చ్ స్కాలర్లకు ఒక మనవి. మీ కాగితాల్లోనూ 'ఇది పెద్ద అడ్డంకి కాదు' అని దాటేసిన వాక్యం ఒకటి తప్పకుండా ఉంటుంది. గైడు సంతకం పెట్టకముందే దాన్ని వెతికి పట్టుకోండి. దానికి ఇంకో పేరా ఇవ్వండి. ఎంతకాలం పట్టవచ్చో నిజం రాయండి. అలా రాసినందుకు గ్రాంటు కొంత తగ్గితే తగ్గనివ్వండి. మీ తరువాత ఆ పని చేయాల్సినవాళ్ళకు తలుపులు మూసుకుపోకుండా ఉండాలంటే, ఆ మాత్రం కోత భరించవచ్చు.